ఏనుగు నుంచి నత్త దాకా: లండన్ జూలో మారుతున్న నివాసులు

నగరం నడిబొడ్డున ఉన్న జంతు ప్రదర్శనశాల ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్నట్లు కనిపించినా, అందులో నివసించే ప్రాణుల జాబితా ఏనాడూ స్థిరంగా ఉండదు. కొన్ని అక్కడే పుడతాయి, కొన్ని వయసు మీరి కన్నుమూస్తాయి, కొన్ని జత కోసం మరో దేశపు జూకు తరలిపోతాయి, మరికొన్ని తమ జాతి అడవిలో అంతరించే దశకు చేరినందువల్ల ఆఖరి ఆశ్రయం వెతుక్కుంటూ అక్కడికి వస్తాయి. ఈ రాకపోకలను శ్రద్ధగా గమనిస్తే, ఒక సమాజం జంతువులను ఏ దృష్టితో చూస్తున్నదో, ఆ దృష్టి కాలక్రమంలో ఎలా మారిందో బోధపడుతుంది. శాస్త్రీయ అధ్యయనం కోసం స్థాపించిన తొలి జంతు ప్రదర్శనశాలల్లో ఒకటిగా పేరొందిన లండన్ జూ ఇందుకు చక్కని ఉదాహరణ. దాదాపు రెండు శతాబ్దాల దాని చరిత్రలో వచ్చిన జంతువులు ఎంత నేర్పాయో, వెళ్ళిపోయిన జంతువులు అంతకన్నా ఎక్కువ నేర్పాయి.

జనవరిలో జరిగే లెక్క

బ్రిటన్‌లో 1981లో వచ్చిన జంతు ప్రదర్శనశాలల లైసెన్సు చట్టం ప్రకారం ప్రతి జూ తన దగ్గర ఉన్న ప్రాణుల లెక్కను ఏటా తేల్చి చూపించాలి. అందుకే జనవరి మొదట్లో లండన్ జూ కీపర్లు, అంటే జంతువుల ఆలనాపాలనా చూసే సిబ్బంది, చేతిలో అట్టా కాగితం పట్టుకొని సింహం మొదలు సాలీడు దాకా పేరుపేరునా లెక్కపెడతారు. మొత్తం పది వేలకు పైగా తేలే ఈ లెక్కలో సింహాలను, గొరిల్లాలను గుర్తించడం సులువే కాని, చీమలను విడివిడిగా లెక్కపెట్టడం అసాధ్యం గనుక ఒక పుట్టలోని చీమలన్నింటినీ కలిపి ఒక్కటిగా రాసుకుంటారు. ఇలా సేకరించిన వివరాలు ప్రపంచంలోని అనేక జూలు కలిసి వాడుకునే ఉమ్మడి సమాచార నిధిలోకి చేరి, ఏ జంతువును ఏ జూకు పంపాలి, ఏ జంటను కలపాలి అనే నిర్ణయాలకు ఆధారమవుతాయి.

వింతల కొలువుగా మొదలైన తోట

1826లో బ్రిటిష్ వలస పాలనాధికారి సర్ స్టామ్‌ఫర్డ్ రాఫిల్స్, రసాయన శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ తదితరుల చొరవతో లండన్ జంతుశాస్త్ర సంఘం ఏర్పడింది. రెండేళ్ల తరువాత, 1828 ఏప్రిల్ 27న, రీజెంట్స్ పార్కు అంచున ఆ సంఘం సభ్యుల కోసం జూ తెరుచుకున్నది. సామాన్య ప్రజలు టిక్కెట్టు కొనుక్కొని లోపలికి వెళ్ళే అవకాశం 1847లో గాని రాలేదు. శతాబ్దాలుగా లండన్ టవర్ కోటలో రాజులు పెంచుకున్న జంతువులు కూడా 1830ల తొలినాళ్లలో ఇక్కడికే చేరాయి. కొత్తగా వచ్చిన జెన్నీ అనే ఒరాంగుటాన్‌ను 1838లో చూసిన చార్లెస్ డార్విన్, పసిపిల్లలాగా అలిగి, మారాం చేసి, చెప్పిన మాట అర్థం చేసుకునే ఆ వానరాన్ని గమనించి, మనిషికీ జంతువుకూ మధ్య ఉన్న దూరం అందరూ అనుకున్నంత పెద్దది కాదనే ఆలోచనకు బలం చేకూర్చుకున్నారు.

అయితే ఆనాటి జనానికి జూ ప్రధానంగా వింతలను చూపించే చోటు. నైలు నదిలో పట్టుకొని ఈజిప్టు పాలకుడు కానుకగా పంపిన ఒబేష్ అనే నీటిగుర్రం 1850 మేలో లండన్ చేరినప్పుడు, రోమన్ల కాలం తరువాత ఐరోపా నేల మీద అడుగుపెట్టిన తొలి నీటిగుర్రం అదే కావడంతో, దాన్ని చూడడానికి జనం తండోపతండాలుగా వచ్చారు. 1865లో పారిస్ నుంచి వచ్చిన జంబో అనే ఆఫ్రికా ఏనుగు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని తిప్పుతూ ఎంతటి పేరు తెచ్చుకున్నదంటే, భారీతనానికి ఇంగ్లీషులో దాని పేరే పర్యాయపదమైపోయింది. అయినా 1882లో జంబోను అమెరికా సర్కస్ యజమాని పి. టి. బార్నమ్‌కు రెండు వేల పౌండ్లకు అమ్మేశారు. లండన్ ప్రజలు ఎంత మొత్తుకున్నా ఆ బేరం ఆగలేదు. మూడేళ్ల తరువాత కెనడాలో రైలు ఢీకొని జంబో మరణించింది. ఆ కాలంలో ఒక జంతువు జూ నుంచి వెళ్ళిపోవడమంటే ఒక సరుకు చేతులు మారడమే.

అదే కాలానికి చెందిన మరో నివాసి కథ ఇంకా విషాదకరమైనది. ముందు భాగంలో మాత్రమే చారలుండే క్వాగా అనే దక్షిణాఫ్రికా చారల గుర్రం ఒకటి 1851 నుంచి 1872 దాకా ఈ జూలో బతికింది. బతికి ఉన్న క్వాగాను తీసిన ఫోటోలు ప్రపంచం మొత్తంలో ఈ ఒక్కదానివే. అడవిలో ఆ జాతిని వేటగాళ్లు ఊడ్చిపెడుతున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఐరోపా జూలలో ఉన్న కొద్దిపాటి క్వాగాలను జతకట్టించి జాతిని నిలబెట్టడం కూడా జరగలేదు. 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చివరి క్వాగా చనిపోవడంతో ఆ జాతి లోకంలో లేకుండా పోయింది. బోనులో ఉన్నంత మాత్రాన ఏ జాతీ భద్రం కాదని, ఉద్దేశం లేని సేకరణ వల్ల జాతులు నిలవవని క్వాగా చరిత్ర తేటతెల్లం చేసింది.

ఇల్లు ఎవరి కోసం?

జూ చరిత్రను జంతువుల ద్వారానే కాక వాటి ఇళ్ల ద్వారా కూడా చదవవచ్చు. 1830లలో డెసిమస్ బర్టన్ అనే వాస్తుశిల్పి జిరాఫీల కోసం కట్టిన ఎత్తైన ఇటుక ఇల్లు ఇప్పటికీ జిరాఫీలకే నివాసంగా ఉన్నది. జిరాఫీ పొడవు మారలేదు గనుక ఆ తలుపుల ఎత్తు మార్చవలసిన అవసరం రాలేదు. సరీసృపాల విభాగం అధిపతి జోన్ ప్రాక్టర్ సూచనలతో 1927లో తెరిచిన పాముల గృహం అంతకన్నా ముందడుగు. పాములు, బల్లులు తమంతట తాము ఒంటి వేడిని పుట్టించుకోలేవు గనుక, ఒకే గదిలో ఒక మూల వెచ్చగా, మరో మూల చల్లగా ఉండేలా విద్యుత్తుతో వేడిని అమర్చి, ఎండలోని అతినీలలోహిత కిరణాలను లోపలికి రానిచ్చే ప్రత్యేకమైన గాజును ఆమె వాడారు. చూసేవారి సౌకర్యం కన్నా ఉండేవారి శరీర ధర్మం ముఖ్యమని అంతకు ముందు ఎవరూ అంత స్పష్టంగా చేసి చూపలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1934లో కట్టిన పెంగ్విన్ల కొలను. బెర్తోల్డ్ లుబెట్కిన్ నాయకత్వంలోని టెక్టన్ అనే వాస్తుశిల్పుల బృందం, ఇంజనీరు ఓవ్ అరుప్ సహాయంతో, కోడిగుడ్డు ఆకారపు కొలను మీద, ఆధారంగా ఒక్క స్తంభమైనా లేకుండా, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ గాలిలో తేలినట్లు దిగే రెండు కాంక్రీటు వాలుదారులను నిర్మించింది. ఆధునిక వాస్తుకళకు అది నేటికీ మచ్చుతునక. ప్రభుత్వం దానికి వారసత్వ కట్టడాల్లో అత్యున్నత రక్షణ హోదా ఇచ్చింది. కాని పెంగ్విన్ల వైపు నుంచి చూస్తే సంగతి వేరు. పెరూ, చిలీ తీరాలకు చెందిన హంబోల్ట్ పెంగ్విన్లు మెత్తని నేలలో గుంతలు తవ్వుకొని గూళ్లు కట్టుకుంటాయి, లోతైన నీటిలో బారులు తీరి ఈదుతాయి. తవ్వడానికి మట్టి లేని, ఈదడానికి లోతు లేని ఆ కట్టడంలో గట్టి నేల మీద నడిచి నడిచి వాటి అరికాళ్లకు పుండ్లు పడేవి. చివరకు 2004లో వాటిని అక్కడి నుంచి తరలించారు, 2011లో ఇసుక, గులకరాళ్లు, విశాలమైన కొలనుతో కొత్త పెంగ్విన్ తీరాన్ని తెరిచారు. ఖాళీ అయిన పాత కొలను తెల్లని శిల్పంలా అక్కడే నిలిచి ఉన్నది.

పాత కట్టడాన్ని కూల్చకుండా కొత్త నివాసికి తగినట్లు మలచిన ఉదాహరణ కూడా ఉన్నది. లార్డ్ స్నోడన్, సెడ్రిక్ ప్రైస్, ఫ్రాంక్ న్యూబీ రూపొందించగా 1965లో తెరిచిన భారీ పక్షిశాలను, దాని చట్రాన్ని అలాగే ఉంచి కొత్త వల బిగించి, 2022లో కొలొబస్ కోతుల లోయగా తెరిచారు. నలుపు తెలుపు రంగుల్లో, భుజాల నుంచి కుచ్చుల్లా వేలాడే పొడవాటి వెంట్రుకలతో ఉండే ఈ ఆఫ్రికా కోతులకు బొటనవేళ్లు దాదాపు ఉండవు. కొమ్మను పట్టుకొని వేలాడడానికి బదులు కొక్కెంలా వేళ్లు తగిలించి ఒక్క ఉదుటున దూకుతాయి. ఆ గెంతుకు కావలసిన ఎత్తు పక్షుల కోసం కట్టిన చట్రంలోనే దొరికింది.

ఏనుగుల వీడ్కోలు

లండన్ జూ చరిత్రలో అన్నింటికన్నా పెద్ద నిర్ణయం ఏనుగులకు సంబంధించినది. 1983లో పోలే పోలే అనే ఆడ ఆఫ్రికా ఏనుగు ఈ జూలో ప్రాణాలు కోల్పోయింది. పసితనంలో దానితో కలిసి సినిమాలో నటించిన వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ దంపతులు ఆ ఆవేదనతో మరుసటి ఏడాదే జూల తీరును ప్రశ్నించే సంస్థను స్థాపించారు. అదే తరువాతి కాలంలో బోర్న్ ఫ్రీ ఫౌండేషన్‌గా ప్రసిద్ధి పొందింది. అడవిలో రోజుకు మైళ్ల కొద్దీ నడిచే, బంధుగణంతో కలిసి బతికే ప్రాణిని నగరం మధ్య కొద్దిపాటి జాగాలో ఉంచడం న్యాయమా అనే ప్రశ్న అప్పటి నుంచి బలపడుతూ వచ్చింది. లండన్ జూ మొత్తం విస్తీర్ణం 36 ఎకరాలు మాత్రమే. 380 ఎకరాల్లో పరుచుకున్న హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలతో పోల్చితే అందులో పదో వంతు కూడా లేదు.

2001లో ఒక కీపరు ఏనుగు వల్ల ప్రాణాలు కోల్పోయిన తరువాత, అక్కడ మిగిలిన మూడు ఏనుగులను లండన్ జంతుశాస్త్ర సంఘానికే బెడ్‌ఫర్డ్‌షైర్ గ్రామీణ ప్రాంతంలో ఉన్న విప్స్‌నేడ్ జూకు పంపించారు. 1931లో ప్రారంభమైన విప్స్‌నేడ్, బోనులకు బదులు మైదానాలున్న విశాలమైన జూ. అక్కడ అవి మందలో కలిశాయి. 1965లో ఏనుగులు, ఖడ్గమృగాల కోసం కట్టిన, ఏనుగు తోలులా గరుకుగా చెక్కిన కాంక్రీటు గోడల భవనం లండన్‌లో ఏనుగులు లేకుండా మిగిలిపోయింది. సుమారు 170 ఏళ్ల పాటు ఏనుగులే ఆకర్షణగా ఉన్న జూ వాటిని వదులుకోవడం టిక్కెట్ల అమ్మకం కోణంలో నష్టమే అయినా, జంతువుకు తగిన చోటు ఇవ్వలేనప్పుడు దాన్ని ఉంచుకునే హక్కు తనకు లేదని ఒక సంస్థ ఒప్పుకోవడం గౌరవించదగిన పని.

వంశావళి చూసి కుదిర్చే జంటలు

నేటి జూల మధ్య జంతువుల రాకపోకలు కొనుగోళ్ల రూపంలో జరగడం అరుదు. ఐరోపా జంతు ప్రదర్శనశాలల సంఘం అనేక అరుదైన జాతులకు ఒక్కొక్క సమన్వయకర్తను నియమిస్తుంది. ఆ వ్యక్తి వంశావళి గ్రంథాన్ని, అంటే ఏ జంతువు ఏ తల్లిదండ్రులకు ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో తెలిపే పట్టికను నిర్వహిస్తూ, దగ్గరి రక్తసంబంధం లేని జంటలను ఎంపిక చేస్తారు. మన పెద్దలు సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇంటిపేరు, గోత్రం విచారించినట్లే, ఇక్కడ కూడా మొదట తేల్చుకునేది చుట్టరికమే. అన్నాచెల్లెళ్ల వంటి దగ్గరి జంతువులు కలిస్తే పుట్టే పిల్లలు బలహీనంగా ఉండి, తరాలు గడిచే కొద్దీ జాతి మొత్తం క్షీణిస్తుంది.

గొరిల్లాల విషయంలో వచ్చిన మార్పు ఇందుకు మంచి నిదర్శనం. 1947 నవంబరు 5న పసిపిల్లగా వచ్చి 1978లో మరణించిన గై అనే గొరిల్లాను లండన్ ప్రజలు ఎంతగానో ప్రేమించారు కాని, స్వభావరీత్యా గుంపుగా బతికే ఆ ప్రాణి జీవితంలో చాలా భాగం ఒంటరిగానే గడిపింది. 2007లో తెరిచిన గొరిల్లా రాజ్యంలో గుంపుకు గుంపు కలిసి ఉంటుంది. 2022లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవి నుంచి కిబురి అనే మగ గొరిల్లా వచ్చిన తరువాత, 2024 తొలి రెండు నెలల్లో ఇద్దరు తల్లులకు రెండు పిల్లలు పుట్టాయి. అడవిలో తీవ్రంగా తగ్గిపోతున్న పశ్చిమ లోతట్టు గొరిల్లా జాతికి ఒక్కొక్క పుట్టుకా విలువైనదే.

భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే నివాసులు ఆసియా సింహాలు. ఒకప్పుడు పశ్చిమాసియా నుంచి ఉత్తర భారతం దాకా సంచరించిన ఈ సింహాలు ఇప్పుడు సహజంగా గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే మిగిలాయి. 2025 గణన ప్రకారం వాటి సంఖ్య 891. ఒకే ప్రాంతంలో ఉన్న జాతికి ఒక్క అంటువ్యాధి వచ్చినా ముప్పే గనుక, ఇతర దేశాల జూలలో ఉన్న సింహాలు ఒక రకంగా ఆపద్ధర్మ నిధి. 2016లో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన సింహాల విభాగాన్ని సాసన్ గిర్ రైల్వే స్టేషను, ఆటోరిక్షా, గోడల మీద హిందీ, గుజరాతీ రాతలతో తీర్చిదిద్దారు. 2024 మార్చిలో అక్కడ భాను, ఆర్య అనే జంటకు మాలి, శ్యానీ, శాంతి అనే మూడు కూనలు పుట్టాయి. ఇవి కూడా పెద్దవైన కొద్దీ జత కోసం వేర్వేరు జూలకు వెళ్ళవలసినవే.

ఈ తరలింపులు ఎప్పుడూ సాఫీగా సాగవు. 2019 జనవరి చివర్లో డెన్మార్క్ నుంచి వచ్చిన అసీమ్ అనే సుమత్రా మగపులిని, కొద్ది రోజులు పక్కపక్క గదుల్లో ఉంచి వాసన, చూపు అలవాటు చేసిన తరువాతనే, మెలాటి అనే ఆడపులితో కలిపారు. తలుపు తీసిన కొద్దిసేపటికే పోట్లాట మొదలై, కీపర్లు శబ్దాలతో, మంటలతో విడదీయాలని చూసినా ఫలించక మెలాటి చనిపోయింది. అడవిలో కొన్ని వందలు మాత్రమే మిగిలిన జాతికి అది తీరని నష్టం. కాగితం మీద వంశావళి ఎంత చక్కగా కుదిరినా, ఎదురుపడిన రెండు పులుల మనసులు కుదురుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చిన్న ప్రాణులకు పెద్దపీట

ఇటీవలి కొత్త విభాగాల్లో ముఖ్యమైనది 2024 మార్చిలో తెరిచిన సరీసృప, ఉభయచరాల గృహం. ఉభయచరాలంటే కప్పల వలె నీటిలోనూ నేల మీదా బతికేవి. 1927 నాటి పాముల గృహం స్థానాన్ని తీసుకున్న ఈ భవనంలో, పెరిగితే మనిషంత పొడవుండే చైనా మహా సాలమాండర్, తన డిప్పలోకి తలను ముడుచుకోలేని పెద్దతల తాబేలు, కరిబియన్ దీవుల కొండకప్ప వంటివి ఉన్నాయి. వీటిలో సాలమాండర్ దుకాణంలో కొన్నది కాదు. 2016లో దొంగచాటుగా బ్రిటన్‌లోకి తెస్తుండగా సరిహద్దు అధికారులు పట్టుకొని అప్పగించిన వాటిలో ఒకటి.

కప్పలకు ప్రత్యేకంగా ఇల్లు కట్టవలసిన అవసరం కైట్రిడ్ అనే బూజు తెగులు వల్ల వచ్చింది. కప్ప చర్మం ద్వారా కూడా గాలిని, నీటిని, లవణాలను తీసుకుంటుంది. ఈ బూజు ఆ చర్మాన్ని పాడుచేయడంతో ఒంట్లో లవణాల సమతూకం చెడి గుండె ఆగిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా 500కు పైగా ఉభయచర జాతులు దీనివల్ల తగ్గిపోయాయని, వాటిలో సుమారు 90 అంతరించాయని 2019లో శాస్త్రవేత్తలు తేల్చారు. చిలీ దక్షిణాన ఉన్న చిలోయే దీవిలోని అడవికి కూడా ఈ బూజు పాకినట్లు తేలడంతో, యాభైకి పైగా డార్విన్ కప్పలను అక్కడి నుంచి సుమారు 11,000 కిలోమీటర్లు ప్రయాణం చేయించి లండన్‌కు తెచ్చారు. డార్విన్ తన ఓడ ప్రయాణంలో గుర్తించినందున ఆ పేరు వచ్చిన ఈ జాతిలో, తోకకప్పలను మోసేది తండ్రి. మూడు సెంటీమీటర్లు కూడా దాటని మగకప్ప వాటిని తన గొంతుసంచిలో దాచుకొని, కాళ్లు మొలిచి పూర్తి కప్పలయ్యాక నోటి నుంచి బయటికి వదులుతుంది. లండన్ చేరిన మగకప్పల్లో పదకొండు, గొంతులో పిల్లలను మోసుకుంటూనే ప్రయాణించి, 33 కప్పపిల్లలకు జన్మనిచ్చాయి. డార్విన్ జెన్నీని చూసిన జూలోనే ఆయన పేరు మోసే కప్ప తన పిల్లలతో తలదాచుకున్నది.

నత్తల కథ ఇంకా చిన్నది, కాని ఇంకా గొప్పది. పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ, మూరియా దీవుల్లో పార్టులా అనే గోరంత నత్తలు ఉండేవి. భారతదేశంలోనూ పంటలకు బెడదగా మారిన ఆఫ్రికా పెద్ద నత్తను అణచడానికి 1970లలో అక్కడికి అమెరికా నుంచి ఒక మాంసాహార నత్తను తెచ్చి వదిలారు. అది పెద్ద నత్తను వదిలి స్థానిక పార్టులాలను తినేసింది. అప్పుడు కాపాడి తెచ్చిన కొద్దిపాటి నత్తలను లండన్, ఎడిన్‌బరో తదితర జూలు చిన్న డబ్బాల్లో దశాబ్దాల పాటు పెంచాయి. 2015 నుంచి వాటి సంతానాన్ని, ఒక్కొక్కదాని గుల్ల మీద అతినీలలోహిత కాంతిలో మెరిసే ఎర్రరంగు చుక్క పెట్టి, సొంత దీవుల్లో తిరిగి వదులుతున్నారు. చుక్క లేని నత్త కనిపించిందంటే అది అడవిలో పుట్టినదని అర్థం. అలాంటివి కనిపించినందువల్లనే 2024లో పార్టులా తోహివియానా అనే జాతిని అడవిలో అంతరించిన వాటి జాబితా నుంచి తొలగించారు. క్వాగాకు జరగని న్యాయం ఈ నత్తకు జరిగింది.

పాఠకులకు ఒక మాట

ఇటువంటి కృషి విదేశాలకే పరిమితం కాదు. అడవుల్లో అరుదైపోయిన మూషిక జింకలను హైదరాబాదు నెహ్రూ జూ, సి.సి.ఎం.బి. అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తల సహకారంతో 2010 నుంచి పెంచి, 2017 నుంచి నల్లమలలోని అమ్రాబాద్ అభయారణ్యంలో వదిలింది. పులి, సింహం, ఏనుగు బోనుల ముందు కిక్కిరిసే సందర్శకుల్లో ఆ కుందేలంత జింక గురించి తెలిసినవారు తక్కువ.

లండన్ జూను నడిపే సంఘానికి 2026తో రెండు వందల ఏళ్లు నిండాయి. 1990ల మొదట్లో డబ్బు చాలక మూతపడే స్థితికి వచ్చి, విరాళాలతో గట్టెక్కిన ఆ జూ, ఈనాడు తన ఉనికిని సమర్థించుకునేది ఎన్ని జంతువులను చూపించిందనే లెక్కతో కాక, ఎన్నింటిని తిరిగి అడవికి చేర్చిందనే లెక్కతోనే. ప్రతి జూకూ ఇదే గీటురాయి కావాలి. లండన్‌లో గాని, హైదరాబాదులో, విశాఖలో, తిరుపతిలో గాని పిల్లలను జూకు తీసుకువెళ్ళే పెద్దలు సింహం గర్జన విన్న తరువాత చిన్న ప్రాణుల గదిలోకి కూడా ఒకసారి వెళ్ళాలి. గాజు అవతల ఆకు కింద నక్కిన ప్రాణిని వెతికి చూపించి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాని పిల్లలు ఎక్కడికి వెళ్తాయో తెలిపే బోర్డును వాళ్ల చేత చదివించాలి.